ద్రవ్యరాశి, బలం, టార్క్: కొలతల్లో కచ్చితత్వం

ద్రవ్యరాశి, బలం, టార్క్ అనే మూడు రాశుల కొలత ఒకే గొలుసుగా సాగుతుంది. ద్రవ్యరాశి తెలిసిన దిమ్మెను వేలాడదీస్తే అది ఎంత బలంతో కిందికి లాగుతుందో లెక్క కట్టవచ్చు. ఆ బలాన్ని పొడవు తెలిసిన చేయి చివర తగిలిస్తే ఇరుసు దగ్గర పుట్టే మెలితిప్పు, అంటే టార్క్, ఎంతో తెలుస్తుంది. కొలతల శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సమాఖ్య ఐమెకో ఈ మూడింటినీ కలిపి టీసీ3 అనే ఒకే సాంకేతిక సంఘానికి అప్పగించింది అందుకే.

గొలుసు పై కొసన కిలోగ్రాము ఉంది. దాన్ని ఈనాడు పది కోట్లలో ఒకటి రెండు వంతుల అనిశ్చితితో సాధించగలుగుతున్నారు. బలం దగ్గరికి వచ్చేసరికి ప్రపంచంలోని మేటి యంత్రాలు కూడా లక్షలో అర వంతు నుంచి రెండు వంతుల మధ్య ఆగిపోతాయి. మెకానిక్ చేతిలోని టార్క్ రెంచ్‌లో నూటికి నాలుగు వంతుల తేడా ఉన్నా ప్రమాణాల ప్రకారం అది చెల్లుతుంది. ఆ రెంచ్‌తో బిగించిన బోల్టులో పుట్టే బిగువు అనుకున్నదానికి నూటికి పాతిక, ముప్ఫై వంతులు అటూ ఇటూ కావచ్చు. తల దగ్గర నిండుగా పారిన కాలువ చివరి ఆయకట్టుకు చేరేసరికి సన్నబడినట్టే ఇది.

కచ్చితత్వం పెంచడమంటే తెరమీద మరో రెండు అంకెలు చూపించే ఖరీదైన పరికరం కొనడమేనని చాలామంది అనుకుంటారు. ఈ రంగంలో వచ్చిన మెరుగుదలలో చాలా భాగం మరో దారిలో వచ్చింది. కొలవదలచిన దానితో పాటు ముల్లును ఇంకేవి కదిలిస్తున్నాయో కనిపెట్టాలి. వాటిని తొలగించాలి, లేదా లెక్కగట్టి సవరించాలి. రెండూ కుదరనప్పుడు ఎంత అనిశ్చితి మిగిలిందో దాచకుండా పత్రం మీద రాయాలి.

కిలోగ్రాము

ఫ్రెంచి విప్లవ కాలంలో, 1795లో, గ్రామును మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీటి ద్రవ్యరాశిగా నిర్వచించారు. నీటిని శుద్ధిచేసి, ఉష్ణోగ్రత నిలిపి, ఘనపరిమాణం కొలిచే కష్టం ప్రతిసారీ పడలేక 1799లో ప్లాటినం దిమ్మె ఒకటి చేసి భద్రపరిచారు. 1875 మే 20న మీటర్ ఒప్పందం కుదిరింది. 1889లో తొలి సర్వసభ్య సమావేశం నూటికి 90 వంతుల ప్లాటినం, 10 వంతుల ఇరిడియం కలిపి పోసిన స్తూపాన్ని అంతర్జాతీయ కిలోగ్రాము నమూనాగా ఆమోదించింది. దాని ఎత్తు 39 మిల్లీమీటర్లు, వ్యాసమూ అంతే. ప్యారిస్ శివార్లలోని సెవ్ర్‌లో, ఒకదానిలో ఒకటి ఇమిడిన గాజు గంటల కింద దాన్ని ఉంచారు. అదే మిశ్రమంతో చేసిన నకళ్లు సభ్య దేశాలకు వెళ్లాయి. 57వ సంఖ్య నకలు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు దక్కింది.

నమూనాను చీటికీ మాటికీ బయటికి తీసేవారు కాదు. 1988 నుంచి 1992 వరకు సాగిన మూడో పరిశీలనలో నకళ్లను దానితో పోల్చి చూస్తే, నూరేళ్లలో సుమారు 50 మైక్రోగ్రాముల మేర తేడాలు పేరుకున్నట్టు తేలింది. నకళ్లు బరువెక్కాయా, అసలు నమూనాయే తేలికపడిందా అని అడగడానికే వీలులేదు. నిర్వచనం ప్రకారం నమూనా ద్రవ్యరాశి ఎప్పటికీ ఒక కిలోగ్రామే. అది గీరుకుపోయినా, దానిమీద ధూళి పట్టినా మారవలసింది తక్కిన విశ్వమే. శాస్త్రవేత్తలను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది 50 మైక్రోగ్రాముల తేడా కన్నా ఈ వింత పరిస్థితే.

బయటపడే దారి 1975లో బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో బ్రయన్ కిబుల్ ఆలోచనగా మొదలైంది. కిబుల్ త్రాసులో ఒక వైపు దిమ్మె, దాన్ని ఎత్తి నిలపడానికి అయస్కాంత క్షేత్రంలో ఒక తీగచుట్ట ఉంటాయి. మొదటి దశలో దిమ్మెను సరితూచడానికి చుట్టలో ఎంత విద్యుత్తు పారాలో చూస్తారు. ఆ విద్యుత్తు నుంచి బలం లెక్కించాలంటే అయస్కాంత క్షేత్ర తీవ్రత, తీగ పొడవు తెలియాలి. వాటిని కావలసినంత కచ్చితంగా కొలవడం అసాధ్యం. రెండో దశలో దిమ్మెను తీసేసి అదే చుట్టను అదే క్షేత్రంలో తెలిసిన వేగంతో కదిలించి, అందులో పుట్టే వోల్టేజిని కొలుస్తారు. ఆ రెండు తెలియని రాశుల లబ్ధమే ఇక్కడా వస్తుంది గనుక, రెండు సమీకరణాలను కలిపితే అది కొట్టుకుపోతుంది. మిగిలేది ఒక వైపు ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, వేగాల లబ్ధం. మరో వైపు వోల్టేజి, విద్యుత్ప్రవాహాల లబ్ధం. కొలవలేని దాన్ని కొలవడానికి పెనుగులాడకుండా లెక్కలోనే లేకుండా చేసిన ఈ ఎత్తు, నా దృష్టిలో, గత నూరేళ్ల కొలతల చరిత్రలోకెల్లా అందమైనది.

వోల్టేజిని జోసెఫ్సన్ ప్రభావం ద్వారా, విద్యుత్ప్రవాహం లెక్కకు కావలసిన నిరోధాన్ని 1980లో క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్ కనుగొన్న క్వాంటం హాల్ ప్రభావం ద్వారా కొలిస్తే రెండూ ప్లాంక్ స్థిరాంకానికి ముడిపడతాయి. వేగాన్ని లేజర్ వ్యతికరణమాపకం చెబుతుంది. గురుత్వ త్వరణాన్ని, శూన్యంలో పడే అద్దాన్ని లేజరుతో వెంబడించే గ్రావిమీటరు చెబుతుంది. కెనడా, అమెరికా ప్రయోగశాలల కిబుల్ త్రాసులు 2017 నాటికి వంద కోట్లలో పది వంతుల స్థాయికి చేరాయి. పూర్తిగా వేరే దారిలో, సిలికాన్-28 స్ఫటికంతో చేసిన సుమారు 94 మిల్లీమీటర్ల వ్యాసపు గోళంలో ఎన్ని పరమాణువులు ఉన్నాయో లెక్కగట్టిన బృందాలకూ దాదాపు అదే విలువ వచ్చింది. సంబంధం లేని రెండు పద్ధతులు ఒకే జవాబు ఇవ్వడం వల్లే నమ్మకం కుదిరింది. 2018 నవంబరు 16న వెర్సాయ్‌లో జరిగిన 26వ సర్వసభ్య సమావేశం ప్లాంక్ స్థిరాంకాన్ని 6.62607015 × 10⁻³⁴ జౌల్ సెకన్లుగా స్థిరపరిచింది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము ఆ సంఖ్య మీద నిలబడింది. 2016లో కన్నుమూసిన కిబుల్ ఆ రోజు చూడలేదు.

మార్పుతో అన్నీ ఒక్కసారిగా సర్దుకోలేదు. వివిధ దేశాలు సొంతంగా సాధించిన కిలోగ్రాములు వాటి అనిశ్చితులు అనుమతించిన దానికన్నా కొంచెం ఎక్కువగా తేడాపడ్డాయి. అందువల్ల ఇప్పటికి అన్ని ప్రయోగశాలలూ కలిసి ఒప్పుకున్న సగటు విలువనే వాడుతున్నారు. 2023లో ప్రకటించిన విలువ ప్రకారం పాత ప్లాటినం నమూనా ద్రవ్యరాశి ఒక కిలోగ్రాముకు 7 మైక్రోగ్రాములు తక్కువ. అంగట్లో పప్పు తూచే కాటాకు ఈ సంగతితో ఏ సంబంధమూ లేదు.

గాలి, వేడి, త్రాసు

ద్రవ్యరాశి కొలతలో అన్నిటికన్నా పెద్ద సవరణ గాలి తెచ్చేది. ఘన మీటరు గాలి బరువు మామూలుగా 1.2 కిలోలు. నీటిలో మునిగిన వస్తువు తేలికపడినట్టే గాలిలో ఉన్న ప్రతి వస్తువూ తేలికపడుతుంది. కిలో స్టీలు దిమ్మె 125 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమించి 150 మిల్లీగ్రాముల గాలిని పక్కకు నెడుతుంది. కిలో బంగారం 52 ఘన సెంటీమీటర్లే గనుక దానికి తగ్గేది 62 మిల్లీగ్రాములు. స్టీలు రాళ్లతో బంగారం తూస్తే కిలోకు 88 మిల్లీగ్రాములు కేవలం గాలి వల్ల తేడా వస్తుందన్నమాట. కిలో నీరు తూచేటప్పుడు అదే తేడా ఒక గ్రాము దాటుతుంది.

వ్యాపారంలో ప్రతి ఒక్కరూ ఈ లెక్కలు వేసుకోలేరు. అందుకే అంతర్జాతీయ న్యాయ మాపన సంస్థ, అంటే ఓఐఎంఎల్, సాంప్రదాయిక ద్రవ్యరాశి అనే ఏర్పాటు చేసింది. 20 డిగ్రీల సెల్సియస్‌లో, ఘన మీటరుకు 1.2 కిలోల సాంద్రత ఉన్న గాలిలో, 8000 కిలోల సాంద్రత ఉన్న ప్రమాణ దిమ్మె ఏ వస్తువుతో సరితూగుతుందో, ఆ దిమ్మె ద్రవ్యరాశినే వస్తువుకు ఆపాదిస్తారు. ఈ రాజీ చాలా తెలివైనది, బజారుకు పూర్తిగా సరిపోతుంది. ప్రయోగశాలలో మాత్రం ప్లాటినం నుంచి స్టీలుకు విలువ దింపేటప్పుడు కిలోకు సుమారు 94 మిల్లీగ్రాముల సవరణ తప్పదు. అందుకోసం గది పీడనం, ఉష్ణోగ్రత, తేమ నిత్యం కొలుస్తూనే ఉంటారు.

వేడి చేసే పని ఇంకా సూక్ష్మమైనది. గది కన్నా వెచ్చగా ఉన్న దిమ్మె చుట్టూ గాలి పైకి లేచి, దాన్ని కొద్దిగా ఎత్తుతుంది. అది ఉన్నదానికన్నా తేలికగా తూగుతుంది. దిమ్మెలను చేత్తో ముట్టుకోకపోవడానికి, తూచే ముందు గంటల తరబడి త్రాసు పెట్టెలోనే ఉంచడానికి కారణం చెమట మరకల భయం ఒక్కటే కాదు. గాలి మరీ పొడిగా ఉంటే స్థిర విద్యుత్తు, దిమ్మెలో అయస్కాంతత్వం మిగిలి ఉంటే దాని ఆకర్షణ కూడా తూకాన్ని చెడగొడతాయి.

త్రాసు లోపాన్ని త్రాసుతోనే తీసేసే ఉపాయాలు మాత్రం పాతవి. దండె రెండు చేతులూ సమానంగా లేకపోతే తూకం తప్పుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బోర్డా చెప్పిన పద్ధతిలో సరుకును ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెంలో ఇసుకో మరేదో పోసి సరితూస్తారు. తర్వాత సరుకు తీసి అదే పళ్లెంలో రాళ్లు వేస్తారు. ముల్లు మళ్లీ నడిమికి వచ్చినప్పుడు వేసిన రాళ్లే అసలు బరువు. చేతుల పొడవుతో పనిలేదు. గౌస్ పద్ధతి సరుకును, రాళ్లను పళ్లేలు మార్చి రెండుసార్లు తూచమంటుంది. ఒకసారి 1020 గ్రాములు, మరోసారి 980 గ్రాములు వచ్చాయనుకుందాం. రెండింటినీ హెచ్చవేసి వర్గమూలం తీస్తే 999.8 గ్రాములు వస్తుంది. సంతలో తక్కెడ మీద అనుమానం వచ్చిన రైతు పళ్లేలు మార్చి తూచమనడం ఈ గణితమే.

నేటి మాస్ కంపారేటర్లు విద్యుదయస్కాంత బలంతో బరువును సరితూచి, కిలో మీద మైక్రోగ్రాములో పదో వంతును కూడా చదవగలవు. అయినా అవి వాడేది బోర్డా పద్ధతినే. ప్రమాణం, పరీక్ష దిమ్మె, మళ్లీ పరీక్ష దిమ్మె, మళ్లీ ప్రమాణం అనే వరసలో తూస్తాయి. ఈలోగా త్రాసు నిలకడగా ఒక వైపు జారుతున్నా ఆ జారుడు లెక్కలో రద్దయిపోతుంది. ఇలా విలువ కట్టిన రాళ్లను ఓఐఎంఎల్ ఇ1 నుంచి ఎం3 వరకు తరగతులుగా విభజించింది. కిలో దిమ్మెకు ఇ1లో అనుమతించిన దోషం అర మిల్లీగ్రాము, ఎం1లో 50 మిల్లీగ్రాములు, ఎం3లో 500 మిల్లీగ్రాములు.

చోటు మారితే

దిమ్మె ద్రవ్యరాశి ఎక్కడైనా ఒకటే. దాని లాగుడు మాత్రం చోటును బట్టి మారుతుంది. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర సెకనుకు సెకనుకు 9.780 మీటర్లు, ధ్రువాల దగ్గర 9.832 మీటర్లు. తేడా నూటికి అర వంతుకు పైనే. ఒక మీటరు ఎత్తుకు వెళ్తే కోటికి మూడు వంతులు తగ్గుతుంది. అక్షాంశం, ఎత్తులను బట్టి అంచనా వేస్తే హైదరాబాద్‌లో ఇది సుమారు 9.783, ఢిల్లీలో 9.791. హైదరాబాద్‌లో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను ఢిల్లీ తీసుకెళ్లి మళ్లీ సరిచేయకుండా వాడితే కిలోకు ముప్పావు గ్రాముకు మించి ఎక్కువ చూపుతుంది. రాళ్లు వేసి తూచే పాత తరాజుకు ఈ జబ్బు లేదు, రెండు వైపులా గురుత్వం ఒకేలా మారుతుంది గనుక. లోడ్ సెల్ కాటాలు వచ్చాకే ఇది బజారు సమస్య అయింది. ఎక్కడ వాడతారో అక్కడే కాలిబ్రేషన్ చేయాలన్న నియమానికి మూలం ఇదే.

బలాన్ని లక్షలో వంతు వరకు చెప్పాలంటే దిమ్మెలు వేలాడే గదిలోనే గురుత్వాన్ని కొలవాలి. 9.80665 అనే ప్రామాణిక విలువ 1901లో ఒప్పందంగా ఎంచుకున్నది. ఏ ప్రయోగశాలకూ అది సొంత విలువ కాదు. మన దేశంలో నేల కింది శిలల సాంద్రతను బట్టి గురుత్వం ఎలా మారుతుందో చూపే పటాలను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ తయారుచేసింది. వాటి తొలి సంచిక 1975 నాటిది. ఖనిజాల అన్వేషణకు ఉద్దేశించినవే అయినా, ఒక ఊరి గురుత్వం ఇంకో ఊరికి పనికిరాదని కళ్లకు కట్టేవి కూడా అవే.

బలం

బలానికి ప్రాథమిక ప్రమాణం డెడ్‌వెయిట్ యంత్రం. పేరు ఎంత గంభీరంగా ఉన్నా పని సులువైనది: ద్రవ్యరాశి తెలిసిన లోహపు బిళ్లలను ఒక్కొక్కటిగా పరికరం మీద వేలాడదీయడం. ద్రవ్యరాశిని స్థానిక గురుత్వంతో హెచ్చవేసి, గాలి ఎత్తే భాగాన్ని తీసేస్తే న్యూటన్లలో బలం వస్తుంది. స్టీలు బిళ్లలకు గాలి సవరణ పదివేలలో ఒకటిన్నర వంతు. దాన్ని మరిచిపోతే తక్కిన జాగ్రత్త అంతా వృథా.

ప్రపంచంలోకెల్లా పెద్ద డెడ్‌వెయిట్ యంత్రం అమెరికాలోని గైథర్స్‌బర్గ్‌లో, జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో ఉంది. 1965లో పూర్తయిన ఈ యంత్రంలో ఒక్కొక్కటి 50,000 పౌండ్లు, అంటే దాదాపు 22.7 టన్నులు తూగే స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్లలు 20 ఉన్నాయి. మొత్తం 44.5 లక్షల న్యూటన్లు. మూడంతస్తుల ఎత్తున్న ఈ పేర్పును సుమారు అర శతాబ్దం తర్వాత మొదటిసారి విప్పి, లోహం మీద లోహం రాసుకుని పాడైన భాగాలను బాగుచేసి, బిళ్లలను మళ్లీ తూచారు. అంతకు మించిన బలాలకు దిమ్మెలు పేర్చడం గిట్టుబాటు కాదు. మీటలతో, నూనె పీడనంతో బలాన్ని పెంచుతారు. పెంచిన ప్రతి చోటా అనిశ్చితి కూడా పెరుగుతుంది.

ప్రమాణ యంత్రాన్ని కర్మాగారానికి మోసుకుపోలేరు. దాని విలువను మోసుకుపోయే పరికరం కావాలి. అమెరికా ప్రమాణాల బ్యూరోలో విట్మోర్, పెట్రెంకో 1927 ప్రాంతంలో రూపొందించిన ప్రూవింగ్ రింగ్ చాలాకాలం ఆ పని చేసింది. అది స్టీలు కడియం. నొక్కితే ఎంత నలుగుతుందో చూసి బలం చెబుతారు. సివిల్ ఇంజనీరింగ్ కాలేజీల మట్టి పరీక్ష గదుల్లో డయల్ గేజితో దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టిన స్ట్రెయిన్ గేజి దాన్ని చాలావరకు పక్కకు నెట్టింది.

స్ట్రెయిన్ గేజి సాగినప్పుడు విద్యుత్ నిరోధం మారే సన్నని లోహపు జాలకం. దాన్ని స్టీలు దిమ్మె మీద అతికిస్తే లోడ్ సెల్ అవుతుంది. 350 ఓమ్‌ల గేజి ఉన్న స్టీలు మీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగితే నిరోధంలో వచ్చే మార్పు 0.7 ఓమ్. పూర్తి బరువు పడినా సెల్ నుంచి వచ్చేది 20 మిల్లీవోల్టుల దగ్గరే. అందులో లక్షో వంతు పట్టుకోవాలంటే 0.2 మైక్రోవోల్టు చదవాలి. రెండు లోహాల తీగలు కలిసిన అతుకు ఒక డిగ్రీ వెచ్చబడితే చాలు, అంతకు ఎన్నో రెట్లు వోల్టేజి దానంతట అదే పుడుతుంది. నాలుగు గేజిలను వీట్‌స్టన్ వంతెనగా కలపడం వల్ల ఉష్ణోగ్రత ప్రభావం చాలా వరకు రద్దవుతుంది. మేలైన యాంప్లిఫయర్లు నేరు విద్యుత్తుకు బదులు కొన్ని వందల హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తును వాడి అతుకుల వోల్టేజిని వడకట్టేస్తాయి. ఆరు తీగల కేబుల్‌లో రెండు తీగలు సెల్ దగ్గర నిజంగా అందుతున్న వోల్టేజిని వెనక్కి చెబుతాయి. కేబుల్ పొడుగు చేసినా రీడింగు చెడదు.

ఎలక్ట్రానిక్స్ ఎంత బాగున్నా లోహానికి దాని గుణాలు ఉంటాయి. బరువు పెట్టి అరగంట ఉంచితే రీడింగు నెమ్మదిగా పాకుతుంది. బరువు పెంచుతూ వచ్చినప్పటి రీడింగు, తగ్గిస్తూ వచ్చినప్పటి రీడింగు ఒకటి కావు. బలం సరిగ్గా అక్షం మీద పడకపోతే మరో తేడా. బలమాపక పరికరాల కాలిబ్రేషన్ ప్రమాణం ఐఎస్ఓ 376 వీటిని కావాలనే బయటికి లాగుతుంది. మొదట గరిష్ఠ బలాన్ని మూడుసార్లు పెట్టి తీస్తారు. తర్వాత పరికరాన్ని దాని అక్షం చుట్టూ తిప్పుతూ వేర్వేరు స్థానాల్లో కొలతలు తీస్తారు. తిప్పినప్పుడు రీడింగులు చెదిరితే పరికరం తరగతి పడిపోతుంది. తిప్పకుండా పదిసార్లు కొలిచి పదిసార్లూ ఒకే అంకె వచ్చిందని సంబరపడే ప్రయోగశాల, తప్పును పదిసార్లు కొలిచి ఉండవచ్చు.

శ్రీహరికోటలో 2010 జనవరి 24న ఇస్రో ఎస్200 ఘన ఇంధన మోటారును నేలమీద కట్టేసి మండించినప్పుడు కొలవవలసి వచ్చిన తోపుడు బలం దాదాపు 500 టన్నుల బరువుకు సమానం. అలాంటి పరీక్షలో లోడ్ సెల్ పత్రం ఒక్కటే సరిపోదు. మోటారును పట్టి ఉంచే ఊతాలు, దానికి తగిలించిన గొట్టాలు, తీగలు బలంలో కొంత పంచుకుంటాయి. మండేకొద్దీ మోటారు బరువు తగ్గిపోతూ ఉంటుంది. తోపుడు క్షణక్షణం మారుతుంది. కాలిబ్రేషన్ మాత్రం కదలని దిమ్మెలతో జరిగింది. అందుకే పరీక్ష వేదిక మొత్తాన్ని, బిగించిన స్థితిలోనే, తెలిసిన బలంతో తోసి చూస్తారు. కదిలే బలాలకు ప్రమాణాలు ఏర్పరచడం ఈ రంగంలో ఇంకా సాగుతున్న పని.

టార్క్

టార్క్ ప్రమాణ యంత్రం చూడటానికి పెద్ద త్రాసులాగే ఉంటుంది. దండె చివర దిమ్మెలు, నడుమ కొలవవలసిన ట్రాన్స్‌డ్యూసరు. బలానికి ఉన్న దోషాలన్నీ దీనికి వారసత్వంగా వచ్చాక, చేయి పొడవు దోషాలు వాటికి తోడవుతాయి. మీటరు స్టీలు చేయి ఒక డిగ్రీకి 11 లేదా 12 మైక్రోమీటర్లు పెరుగుతుంది, అంటే లక్షలో ఒక వంతుకు పైనే. అందుకే చేతులకు వ్యాకోచం బాగా తక్కువైన ఇన్వార్ వంటి మిశ్రమలోహాలను ఎంచుకుంటారు. చేయి సమతలం నుంచి ఒక డిగ్రీ వాలితే పదివేలలో ఒకటిన్నర వంతు పోతుంది. ట్రాన్స్‌డ్యూసరు మెలితిరిగిన కొద్దీ చేయి వాలుతుంది గనుక దాన్ని ఎప్పటికప్పుడు సమతలానికి తెస్తూ ఉండాలి. నడిమి బేరింగు ఘర్షణ దిమ్మెల టార్క్‌ను కొంత తినేస్తుంది. మేటి యంత్రాల్లో ఇరుసు పలచని గాలి పొర మీద తేలుతుంది.

జర్మనీ ప్రమాణ సంస్థ పీటీబీ బ్రౌన్‌ష్వైగ్‌లో 11 లక్షల న్యూటన్ మీటర్ల వరకు టార్క్ కొలిచే యంత్రాన్ని చాలాకాలంగా నడుపుతోంది. గాలిమరల పరిశ్రమకు అది చాలలేదు. 3 మెగావాట్ల గాలిమర నిమిషానికి 12 చుట్లు తిరుగుతుంటే ప్రధాన ఇరుసు మీద టార్క్ దాదాపు 24 లక్షల న్యూటన్ మీటర్లు. కాలిబ్రేషన్ జరిగిన హద్దు దాటి రీడింగును ఊహతో సాగదీయవలసి వచ్చేది. ఇరుసుకు అందిన శక్తికి, బయటికి వచ్చిన విద్యుత్తుకు తేడా కొద్ది శాతమే ఉండే యంత్రంలో టార్క్ ఒక శాతం తప్పితే దక్షత లెక్క అర్థం కోల్పోతుంది. ఈ కొరత తీర్చడానికి పీటీబీ 50 లక్షల న్యూటన్ మీటర్ల సామర్థ్యంతో కొత్త యంత్రం చేపట్టింది.

గొలుసు కింది కొసన టార్క్ రెంచ్ ఉంది. ఐఎస్ఓ 6789 ప్రకారం 10 న్యూటన్ మీటర్లకు పైబడిన చాలా రెంచ్‌లకు నూటికి 4 వంతుల దోషం అనుమతి. పిడి మీద గుర్తు ఉన్నచోట కాక పైకో కిందికో పట్టుకుంటే కొన్ని రకాల్లో ఆ హద్దూ దాటుతుంది. తలకు అదనపు ముక్క తగిలిస్తే చేయి పొడవు మారుతుంది. 400 మిల్లీమీటర్ల రెంచ్‌కు 50 మిల్లీమీటర్ల ముక్క నేరుగా కలిపి 90 న్యూటన్ మీటర్లు కావాలంటే రెంచ్‌ను 80 దగ్గర పెట్టాలి. ఈ చిన్న భాగహారం చేయకుండా బిగించేవాళ్లే ఎక్కువ. పని అయ్యాక స్ప్రింగును వదులు చేయకుండా పెట్టెలో పడేస్తే నెలల తరబడి నొక్కుకుపోయిన స్ప్రింగు గుణం మారుతుంది.

అసలు చిక్కు రెంచ్‌లో లేదు. మనకు కావలసింది టార్క్ కాదు, బోల్టు సాగి రెండు భాగాలనూ అదిమి పట్టే బిగువు. పెట్టిన టార్క్‌లో దాదాపు సగం బోల్టు తల కింది ఘర్షణకు, మరో నలభై వంతులు మరల ఘర్షణకు పోతాయి. నూటికి పది వంతులే బోల్టును సాగదీస్తాయి. 10 మిల్లీమీటర్ల బోల్టును పొడిగా 50 న్యూటన్ మీటర్లకు బిగిస్తే బిగువు సుమారు 25 కిలోన్యూటన్లు. మరలకు నూనె రాసి అదే 50కి బిగిస్తే 33 కిలోన్యూటన్లు దాటవచ్చు, మామూలు 8.8 తరగతి బోల్టు తట్టుకోగల ప్రూఫ్ లోడు అంచు అది. రెండు సందర్భాల్లోనూ రెంచ్ సరిగ్గానే పనిచేసింది. ఇంజను తయారీదారులు కొంత టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని చెప్పడం, పెద్ద పైపుల ఫ్లాంజిల్లో హైడ్రాలిక్ టెన్షనర్‌తో బోల్టును నేరుగా లాగడం, అల్ట్రాసౌండ్‌తో బోల్టు సాగుడును కొలవడం ఘర్షణను తప్పించుకునే దారులు. ఇంకా మంచి రెంచ్ కొనడం ఆ దారుల్లో ఒకటి కాదు.

కాటా, వేబ్రిడ్జి, పత్రం

మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ తూనికలకు మారడం మొదలుపెట్టింది. మార్కెట్లలో మెట్రిక్ రాళ్లు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా వచ్చాయి. వీశె, మణుగు పుస్తకాలకు పరిమితమయ్యాయి. తులం మాత్రం బతికిపోయింది, అదీ 11.66 గ్రాముల అసలు కొలత వదులుకొని చాలా దుకాణాల్లో 10 గ్రాములకు కుదించుకొని. ఇప్పుడు అమల్లో ఉన్న 2009 నాటి తూనికలు కొలతల చట్టం 2011 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. రాళ్లకు, దండె త్రాసులకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు, వేబ్రిడ్జిలకు ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించాలి.

ముద్ర పడిందంటే దోషం లేదని కాదు, హద్దులో ఉందని అర్థం. 60 టన్నుల వేబ్రిడ్జి 10 కిలోల విభాగాలతో చదువుతుందనుకుందాం. 40 టన్నుల లారీ ఎక్కినప్పుడు తనిఖీ వేళ 15 కిలోల తేడా, వాడకంలో దానికి రెట్టింపు 30 కిలోలు అంతర్జాతీయ నియమాల ప్రకారం చెల్లుతుంది. ఎండుమిర్చి లోడులో 30 కిలోలంటే చిన్న మొత్తం కాదు. వేదిక కింద బురద పేరుకోవడం, అంచుల్లో రాళ్లు ఇరుక్కోవడం, లారీ చక్రాలు పూర్తిగా ఎక్కకపోవడం ఆ హద్దును కూడా దాటిస్తాయి. నాలుగు మూలల్లో ఒకే బరువు పెట్టి రీడింగులు కలుస్తాయో లేదో చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. కాటా సరిగ్గా ఉన్నా తరుగు పేరుతో కోసేది వేరే లెక్క. దాన్ని ఏ కాలిబ్రేషనూ సరిచేయలేదు.

కాలిబ్రేషన్ పత్రం చదవడం కూడా కచ్చితత్వంలో భాగమే. 1993లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శి తర్వాత ఫలితంతో పాటు అనిశ్చితిని రాయడం ఆనవాయితీ అయింది. మామూలుగా అది నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పిన హద్దు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఇచ్చిన పత్రంలో దోషం ఒక గడిలో, అనిశ్చితి మరో గడిలో ఉంటాయి. చాలా కర్మాగారాల్లో పత్రం ఆడిట్ ఫైలులోకి వెళ్తుంది, అందులోని సవరణ రీడింగులోకి వెళ్లదు. డబ్బు పెట్టి తెలుసుకున్న దోషాన్ని వాడుకోకపోవడం పరిశ్రమలో విరివిగా కనిపించే నష్టం.

సూక్ష్మ బలాలు

గ్రాములు, మిల్లీగ్రాముల స్థాయికి దిగితే దిమ్మెల దారి ఇరుకవుతుంది. కిలోగ్రామును ముక్కలుగా విభజిస్తూ మిల్లీగ్రాము దాకా దిగేసరికి ప్రతి మెట్టు దగ్గరా అనిశ్చితి పేరుకుంటుంది. కొత్త నిర్వచనం ఇక్కడ నిజంగా అక్కరకొచ్చింది. ప్లాంక్ స్థిరాంకానికి కిలో అనే పరిమాణం మీద ప్రత్యేక మమకారం ఏమీ లేదు గనుక, గ్రాముల స్థాయిలో బల్లమీద ఇమిడే కిబుల్ త్రాసులు, మిల్లీగ్రాముల స్థాయిలో విద్యుత్ స్థితిక బలంతో సరితూచే త్రాసులు నేరుగా అక్కడికక్కడే విలువ కట్టగలవు.

ఇంకా కిందికి వెళ్తే వెలుగే తోస్తుంది. ఒక వాట్ లేజరు కాంతి అద్దం మీద నిటారుగా పడి పూర్తిగా తిరిగివస్తే అద్దం మీద పడే బలం 6.67 నానోన్యూటన్లు. గురుత్వ తరంగాలను పట్టే లైగో యంత్రాల్లో 40 కిలోల అద్దాలను ఇలాంటి తెలిసిన తోపుడుతో కదిలించి, తరంగం వచ్చినప్పుడు కనిపించే కదలికకు కొలబద్ద ఏర్పరుస్తారు. అక్కడ బలం దిమ్మె నుంచీ రాదు, స్థానిక గురుత్వం నుంచీ రాదు. లేజరు శక్తిని ఎన్ని వాట్లో ఎంత బాగా కొలిచారన్న దాని నుంచి వస్తుంది.